కాలర్ లోపల కొట్టేసిన పేరు: ఒక మెరీన్ జాకెట్ కేసు

పోయిన ఏడాది మార్చిలో మా మ్యూజియంకి ఒక అట్టపెట్టె వచ్చింది. తెచ్చినావిడ డెబ్బై దాటిన రిటైర్డ్ టీచర్. లోపల వాళ్ల నాన్నగారి రెండో ప్రపంచ యుద్ధం నాటి సామాను ఉంది: ఒక ఆకుపచ్చ కాటన్ జాకెట్, వీపుకు తగిలించుకునే కాన్వాస్ సంచి, హెల్మెట్ మీద తొడిగే మచ్చల గుడ్డ, ఒక నడుం బెల్టు. "మా నాన్న గ్వాడల్‌కెనాల్‌లో పోరాడారు. భుజం మీద రాసే ఉంది చూడండి" అన్నారు. నిజంగానే పసిఫిక్‌లోని ఆ దీవి పేరు రాసి ఉంది. ఆవిడ కోరిక ఒక్కటే. ఆయన ఏ డివిజన్, ఏ బెటాలియన్, ఏ కంపెనీయో రాసిన కార్డుతో ఆ జాకెట్‌ని అద్దాల బీరువాలో చూడాలి.

నేను ఒహాయోలో ఒక చిన్న ఊరి మ్యూజియంలో బట్టల కేటలాగ్ పని చేస్తాను. పుట్టింది చీరాలలో, మగ్గాల ఇంట్లో. చదివింది టెక్స్‌టైల్. యూనిఫాంల మీదికి అనుకోకుండా వచ్చాను, తర్వాత వదల్లేకపోయాను. ఈ కేసుకి దాదాపు ఐదు నెలలు పట్టింది. నేను తప్పుదారి పట్టిన రెండు వారాలతో సహా మొత్తం రాస్తున్నాను, ఎందుకంటే ఈ పనిలో అందరూ జారేది అక్కడే.

జాకెట్ చెప్పింది

ముందు గుడ్డ సంగతి. ఇది హెరింగ్‌బోన్ ట్విల్. ట్విల్ నేతలో ఏటవాలు గీతలు ఒకే వైపు పోతాయి, ఇందులో కొన్ని దారాలకోసారి దిశ తిరిగి చేపముల్లులా కనిపిస్తాయి. సముద్రం మీంచి తీరాల్లో దిగి పోరాడే అమెరికా దళం మెరీన్ కోర్, ఈ గుడ్డతో కుట్టిన పని దుస్తుల్ని 1941 నవంబర్ 10న ఆమోదించింది. ఆ తేదీ మెరీన్ల పుట్టినరోజు కూడా, ఆ దళం 1775లో అదే రోజున పుట్టింది. ఈ జాకెట్‌నే పీ-41 అంటారు. కింద రెండు జేబులు, ఎడమ ఛాతీ మీద ఒక జేబు. ఆ జేబు మీద నల్ల స్టెన్సిల్‌తో యూఎస్‌ఎంసీ (యునైటెడ్ స్టేట్స్ మెరీన్ కోర్) అనే అక్షరాలు, వాటి కింద గద్ద, భూగోళం, లంగరు ఉన్న చిహ్నం. లోహపు బటన్ల మీద మెరీన్ కోర్ పేరు. ఆర్మీ వాళ్ల హెరింగ్‌బోన్ జాకెట్ ఇలా ఉండదు. దాని ఛాతీ మీద మూత ఉన్న జేబులు రెండుంటాయి, చాలా వాటికి పదమూడు నక్షత్రాల బటన్లుంటాయి.

ఇవన్నీ కలిపినా తేలేది "ఇది మెరీన్లది" అని మాత్రమే. జేబు మీద గద్ద చిహ్నం లక్షల జాకెట్ల మీద ఉంది. దాన్ని యూనిట్ గుర్తుగా పొరబడే వాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు.

యూనిఫాం మీద ఏ గుర్తు కనిపించినా నేను ముందు అడిగే ప్రశ్న ఒకటుంది: దీన్ని ఎవరు చదవాలని పెట్టారు? ఎంత దూరం నుంచి? ఇది పుస్తకంలో నేర్చుకున్నది కాదు. చిన్నప్పుడు మా బట్టలు చాకిరేవుకి వెళ్లి వస్తే అంచు మూలన నల్లటి గుర్తు ఉండేది. నల్లజీడి గింజ రసంతో పెట్టేవారు, ఎన్ని ఉతుకులకీ పోయేది కాదు. ఆ గుర్తుకి అర్థమేంటని నాన్నని అడిగితే, "అది ఉతికే ఆయన చదువుకోడానికమ్మా, మన కోసం కాదు" అన్నారు. బంగాళాఖాతం ఒడ్డున విన్న ఆ మాట ఇక్కడ రోజూ పనికొస్తోంది. కాలర్ లోపలి పేరు లాండ్రీ కోసం, సార్జెంట్ తనిఖీ కోసం. సంచి లోపలి ముద్ర సప్లై డిపో గుమాస్తా కోసం. భుజం మీద రంగు ప్యాచ్ సెలవు మీద ఊళ్లోకి వెళ్లినప్పుడు జనం కోసం. వీపు మీద పెద్ద స్టెన్సిల్ తీరంలో వెనక పరిగెత్తే వాడి కోసం. ఒక గుర్తు తన పాఠకుడు లేని చోట కనిపిస్తే అనుమానించాలి.

భుజం మీద ప్యాచ్

ఈ జాకెట్ ఎడమ భుజం మీద నీలం డైమండ్ ప్యాచ్ ఉంది. మధ్యలో ఎర్రటి 1 అంకె, దాని మీద నిలువుగా తెల్ల అక్షరాల్లో గ్వాడల్‌కెనాల్, చుట్టూ దక్షిణార్ధగోళంలో కనిపించే సదరన్ క్రాస్ నక్షత్రాలు. ఇది 1వ మెరీన్ డివిజన్ ప్యాచ్. ఆ డివిజన్ 1942 ఆగస్టు 7న గ్వాడల్‌కెనాల్‌లో దిగింది, ఆ పోరాటం తర్వాత ఆస్ట్రేలియాలో విశ్రాంతి తీసుకుంటున్నప్పుడు ఈ ప్యాచ్ వచ్చింది. మెరీన్ కోర్ భుజం ప్యాచ్‌లకి అధికారికంగా అనుమతి ఇచ్చింది 1943లో. వాటిని సర్వీస్ యూనిఫాం మీద, అంటే బయటికి వెళ్లేటప్పుడు వేసుకునే మంచి బట్టల మీద కుట్టుకునేవారు. బురదలో పాకే పీ-41 మీద దీన్ని చదివే వాడెవడు? నా మొదటి అనుమానం అదే.

అనుమానం సరిపోదు, చూపించాలి. చీకటి గదిలో యూవీ టార్చ్ వేశాను. జాకెట్ మొత్తం లేత నీలంగా, మసగ్గా మెరిసింది. అది చూసి కంగారు పడకూడదు. యుద్ధం తర్వాత వచ్చిన డిటర్జెంట్లలో తెల్లదనం కోసం కలిపే పదార్థాలు యూవీ కింద మెరుస్తాయి, వాటితో ఒక్కసారి ఉతికినా పాత బట్ట కూడా మెరుస్తుంది. మెరిసింది కాబట్టి నకిలీ అనేవాళ్లు నిజమైన బట్టల్ని చెత్తబుట్టలో వేయిస్తున్నారు. కానీ ప్యాచ్ కుట్టిన దారం సంగతి వేరు. అది ట్యూబ్‌లైట్ తీగలా వెలిగింది. ఒక పోగు తీసి మైక్రోస్కోప్ కింద పెట్టాను. పత్తి నూలు మెలితిరిగిన రిబ్బన్‌లా కనిపించాలి. ఇది నున్నగా, ఒకే మందంతో, గాజు కడ్డీలా ఉంది. పాలిస్టర్.

ఆవిడ అనుమతి తీసుకుని ఒక అంచున నాలుగు కుట్లు విప్పాను. ప్యాచ్ 1943 నుంచి అక్కడే ఉంటే దాని కింద గుడ్డకి ఎండ తగలదు, ముదురు ఆకుపచ్చ మిగిలి ఉండాలి. లేదు. చుట్టూ ఎంత వెలిసిందో కిందా అంతే వెలిసింది. జాకెట్ పూర్తిగా పాతబడ్డాక కుట్టిన ప్యాచ్ అది.

ఫోన్ చేసి చెప్తే ఆవిడ కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "మా అమ్మ కుట్టి ఉంటుంది. 1990ల్లో ఊళ్లో పరేడ్‌కి నాన్న ఈ జాకెట్ వేసుకెళ్లారు. ప్యాచ్ ఎక్కడో కొనుక్కొచ్చారు" అన్నారు. ఇందులో మోసం ఏమీ లేదు. మెరీన్ ప్యాచ్ కావాలని అడిగితే దుకాణంలో చేతికిచ్చేది ఎక్కువగా అదే, అన్నిటికన్నా పేరున్నది అదే కాబట్టి.

వీపు మీద 8

వీపు మధ్యలో ఏదో నల్లటి నీడ ఉందని మామూలు కంటికే తెలుస్తోంది, చదవడానికి మాత్రం రావట్లేదు. ఇలాంటప్పుడు ఇన్‌ఫ్రారెడ్ ఫొటో, అంటే కంటికి కనిపించని కాంతితో తీసే ఫొటో, బాగా సాయపడుతుంది. పాత డిజిటల్ కెమెరాలో సెన్సర్ ముందుండే ఫిల్టర్ తీసేయించి, కనిపించే వెలుతురు ఆపే నల్ల ఫిల్టర్ లెన్స్‌కి పెడతాం. వెలుగు కోసం మామూలు ఎల్ఈడీ బల్బు పనికిరాదు, దాంట్లో ఇన్‌ఫ్రారెడ్ దాదాపు ఉండదు. పాతకాలం ఫిలమెంట్ బల్బు కావాలి. మసి కలిపిన నల్ల రంగు ఇన్‌ఫ్రారెడ్‌ని మింగేస్తుంది, రంగద్దిన గుడ్డ వెనక్కి తిప్పి కొడుతుంది. తెర మీద ఆకుపచ్చ జాకెట్ దాదాపు తెల్లగా మారి, దాని మీద ఒక అర్ధవృత్తం పైకి తేలింది. ప్రతి గీతా స్పష్టంగా ఉంది. ఇన్నేళ్లుగా ఈ పని చేస్తున్నా అలా తేలే క్షణానికి నాకు ఒళ్లు జలదరిస్తుంది.

1944, 45లో పసిఫిక్ దీవుల్లో దిగిన మెరీన్ల వీపుల మీద ఇలాంటి స్టెన్సిళ్లు ఫొటోల్లో కనిపిస్తాయి. బయటి ఆకారం డివిజన్‌ని చెప్తుంది, లోపలి అంకెలు డివిజన్‌లోని రెజిమెంట్‌ని, దాన్లోని బెటాలియన్‌ని, దాన్లోని కంపెనీని వరుసగా చెప్తాయి. అర్ధవృత్తం 4వ మెరీన్ డివిజన్‌ది. తీరంలో పడవలు అటూ ఇటూ కొట్టుకుపోయి మనుషులు కలిసిపోయినప్పుడు, ముందు వెళ్లేవాడు మనవాడో కాదో వెనకవాడికి ఒక్క చూపులో తెలియాలి. శత్రువు చేతిలో పడితే మాత్రం యూనిట్ పేరు నేరుగా దొరకకూడదు. అందుకే పేరు లేదు, ఆకారం, అంకెలు.

ఇక అంకెలు. మొదటిది సంచి రాసుకుని అరిగిపోయింది. మూడోది ఒక వంపు మాత్రమే మిగిలింది. మధ్యది చక్కగా ఉంది: 8.

ఇక్కడే నేను తప్పాను. పదాతి రెజిమెంట్‌లో ఉండేది మూడు బెటాలియన్లు. 8 ఉండడానికి వీల్లేదు. అయినా కెమెరా చూపించింది కదా అని నమ్మి, ఇది పదాతి కాదేమో, ఇంజనీర్లో రవాణా వాళ్లో అయ్యుంటారని రెండు వారాలు ఫొటోలు తిరగేశాను. దేనికీ అతకలేదు. ఒక ఆదివారం నాన్నతో వీడియో కాల్‌లో మాట్లాడుతూ ఫొటో చూపించాను. ఆయనకి మెరీన్లెవరో తెలీదు, చూపంతా గుడ్డ మీదే. "ఆ అంకెలో ఎడంవైపు రంగు దారం సందుల్లోనే ఉందమ్మా, మీద అంతా పోయింది. కుడివైపు రంగు దారం మీద కూడా ఉంది. రెండూ ఒక రోజు పడ్డవి కాదు" అన్నారు.

మర్నాడు పొద్దున్నే మైక్రోస్కోప్ కింద పెట్టాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. చేపముల్లు నేతలో ఎత్తుగా ఉండే దారాలు ముందు అరుగుతాయి, పల్లంలో రంగు మిగిలిపోతుంది. అంకెలో ఒక భాగానికి పల్లంలో మాత్రమే రంగుంది, అంటే చాలాకాలం వాడాక మిగిలింది. ఇంకో భాగానికి ఎత్తు దారాల మీద కూడా రంగుంది, ఎత్తు దారం అప్పటికే నలిగిన చోట ఆ నలుగులోకి కూడా దిగింది. అంటే గుడ్డ అరిగాక వేసింది. స్టెన్సిల్ రేకులో అంకె ఊడిపడకుండా చిన్న వంతెనలు వదుల్తారు, గుడ్డ మీద అవి ఖాళీలుగా కనిపిస్తాయి. ఆ ఖాళీల్ని విడివిడిగా గుర్తించి గీస్తే కింద 2, దాని మీద 3. రెండూ కలిసి 8లా కనిపించాయి. ముందు 2వ బెటాలియన్, తర్వాత 3వ బెటాలియన్.

ఈ జాకెట్ ఇద్దరిది.

రెండు పేర్లు

నిజానికి ఆ సంగతి మొదటి రోజే నా కళ్ల ముందు ఉంది. కాలర్ లోపల ఆవిడ నాన్నగారి పేరు స్టెన్సిల్ చేసి ఉంది. దాని పైన ఒక నల్లటి పట్టీ. రంగు ఒలికిన మరక అని కేటలాగ్ షీట్‌లో రాసుకున్నాను. ఇప్పుడు అదే చోట ఇన్‌ఫ్రారెడ్ పెడితే లాభం లేకపోయింది, పేరూ పట్టీ రెండూ మసి రంగే కాబట్టి రెండూ నల్లగానే వచ్చాయి. అప్పుడు పాత ఉపాయం వాడాను. దీపాన్ని గుడ్డకి దాదాపు సమాంతరంగా, పక్క నుంచి వేశాను. స్టెన్సిల్ రంగు మందంగా పడ్డ చోట చిన్న గట్టులా ఎత్తు ఉంటుంది, దాని నీడ పక్కకి పడుతుంది. దీపాన్ని తిప్పుతూ అక్షరం తర్వాత అక్షరం, నలభై నిమిషాలు పట్టింది. పొడి అక్షరం, ఇంటిపేరు. ఇంటిపేరు కొంచెం అరుదైనది కావడం మా అదృష్టం. ఇక్కడ రాయను, అది ఆ కుటుంబానిది.

సంచి గురించి రెండు మాటలు చాలు. బాయ్ట్ కంపెనీ ముద్ర, 42 అనే సంవత్సరం, పై మూత మీద ఆవిడ నాన్నగారి పేరు ఒక్కటే, అర్ధవృత్తంలో మధ్య అంకె శుభ్రమైన 3. హెల్మెట్ గుడ్డ మీద, బెల్టు మీద ఏమీ లేదు.

కాగితాలు

కోడ్ పట్టిక ముందు పెట్టుకుని యూనిట్ పేరు చెప్పేయడం నాకు నచ్చదు. అంకె అరిగి ఉంటుంది, రంగు మీద రంగు పడి ఉంటుంది, ఈ మధ్య కాలంలో పాత జాకెట్ మీద కొత్తగా స్టెన్సిల్ వేసి అమ్మేవాళ్లూ ఉన్నారు. మనిషి ఎక్కడున్నాడో కాగితంలో చూసి, అక్కడి నుంచి బట్ట దగ్గరికి రావాలి.

మెరీన్ల విషయంలో కాగితాలు బాగానే మిగిలాయి. సెయింట్ లూయిస్‌లోని రికార్డుల కేంద్రంలో 1973 జులైలో జరిగిన అగ్నిప్రమాదంలో ఆర్మీ, ఎయిర్‌ఫోర్స్ ఫైళ్లు కుప్పలుగా కాలిపోయాయి. మెరీన్ల ఫైళ్లు ఆ మంటల్లో లేవు. సర్వీస్ వదిలి 62 ఏళ్లు దాటిన వాళ్ల ఫైల్ ఎవరైనా అడిగి తెప్పించుకోవచ్చు. దానికన్నా త్వరగా దొరికేవి మస్టర్ రోల్స్, అంటే యూనిట్ వారీగా ఎప్పటికప్పుడు రాసిన హాజరు పట్టీలు. ఎవరు కొత్తగా చేరారు, ఎవరు బదిలీ అయ్యారు, ఎవరు ఆస్పత్రిలో ఉన్నారు, అన్నీ టైపు చేసి ఉంటాయి.

ఆవిడ నాన్నగారు మెరీన్లలో చేరింది 1943 చివర్లో. గ్వాడల్‌కెనాల్ పోరాటం ఆ ఏడాది ఫిబ్రవరిలోనే ముగిసింది. ఆయన ప్యారిస్ ఐలాండ్‌లో శిక్షణ పొంది, 1944 శరదృతువులో హవాయిలోని మావి దీవికి చేరి, 4వ డివిజన్‌లో 24వ మెరీన్ రెజిమెంట్, 3వ బెటాలియన్‌లో కలిశారు. కొట్టేసిన పేరున్న కుర్రాడు అదే రెజిమెంట్‌లో 2వ బెటాలియన్. 1944 ఫిబ్రవరి 1న పసిఫిక్‌లోని నమూర్ దీవి మీద దిగిన బెటాలియన్ అది. అక్కడ టార్పెడోల వార్‌హెడ్లు, అంటే పేలుడు మందు నింపిన ముందు భాగాలు, దాచిన కట్టడం పేలి ఆ బెటాలియన్ బాగా దెబ్బతింది. ఆ కుర్రాడు దాన్నుంచి బయటపడ్డాడు. జూన్ 15న సైపాన్ దీవిలో దిగాడు. ఆ నెల పట్టీలో గాయపడ్డట్టు, ఓడ మీదికి తరలించినట్టు ఉంది. తర్వాతి పట్టీల్లో నేవీ ఆస్పత్రి. తిరిగి బెటాలియన్‌కి వచ్చినట్టు ఎక్కడా లేదు.

ఇక్కడి నుంచి నేను చెప్పేది ఊహ, కార్డు మీద కూడా ఊహ అనే రాశాను. జాకెట్ మీద రక్తపు మరక లేదు, కత్తెర పడలేదు. గాయపడ్డ వాడి బట్టలు వైద్యులు కోసి తీసేవారు. కాబట్టి ఇది ఆ రోజు ఒంటి మీద ఉన్నది కాదు, మావిలోని క్యాంపులో వదిలి వెళ్లిన సామానులోదై ఉండాలి. అతను రాలేదు. సప్లై వాళ్లు జాకెట్‌ని మళ్లీ లెక్కలోకి తీసుకున్నారు. కొత్తగా చేరిన కుర్రాడికి ఇచ్చారు. 2 మీద 3 కొట్టారు, పాత పేరు మీద పట్టీ వేశారు. 1945 ఫిబ్రవరి 19న జపాన్ దీవి ఐవో జీమాలో 23, 25 రెజిమెంట్లు ముందు దిగాయి, 24వది రిజర్వ్‌గా వెనక దిగింది. ఆ నెల పట్టీలో ఆవిడ నాన్నగారి పేరు ఉంది, మార్చి పట్టీలో కూడా ఉంది. ఈ జాకెట్ ఐవో జీమా ఇసుక చూసిందా అంటే నేను అవునని రాయలేదు. జేబు కుట్లలో నల్ల ఇసుక రేణువుల కోసం వెతికాను, దొరకలేదు.

ఆవిడకి చెప్పిన రోజు

ఇలాంటి రిపోర్టు ఇచ్చే రోజు నాకు టెన్షన్‌గానే ఉంటుంది. ఇంట్లో ఏళ్లుగా చెప్పుకున్న మాటని నేను చెరిపేస్తున్నాను. ఫోన్‌లో వద్దనుకుని, మ్యూజియంకి రమ్మని, జాకెట్ బల్ల మీద పరిచి, ఫొటోలు పక్కన పెట్టి వరుసగా చూపించాను. గ్వాడల్‌కెనాల్ కాదని విన్నప్పుడు ఆవిడ మొహం వాడిపోయింది. "నాన్న అబద్ధం చెప్పారంటారా?" అని అడిగారు. ఆయన నోటితో ఆ మాట ఎప్పుడైనా అన్నారా అని నేను అడిగాను. ఆవిడ చాలాసేపు ఆలోచించి, లేదు, ఆయన యుద్ధం గురించి అసలు మాట్లాడేవారే కాదు, ప్యాచ్ చూసి పిల్లలం మేమే అనుకున్నాం అన్నారు.

ఆయన సొంత డివిజన్ ప్యాచ్ ఎలా ఉంటుందో చూపించాను: ఎర్రటి డైమండ్ మీద బంగారు రంగు 4. దాన్ని గీసింది జాన్ ఫేబియన్ అనే సార్జెంట్. ఆ తర్వాత డివిజన్ రోయ్ దీవి మీద దాడికి వెళ్తే, అక్కడి విమానాశ్రయం రన్‌వేలు పైనుంచి అచ్చంగా 4 అంకెలా కనిపించాయి. ఆ ఫొటో చూసి ఆవిడ మొదటిసారి నవ్వారు.

తర్వాత కాలర్ చూపించమన్నారు. దీపం పక్క నుంచి వేసి, కొట్టేసిన పేరు ఆవిడ చేతే చదివించాను. ఒక్కో అక్షరం పైకి పలుకుతూ చదివారు. "ఈ అబ్బాయి బతికాడా?" అన్నారు. బతికాడు. ఆస్పత్రి నుంచి డిశ్చార్జ్ అయిన నమోదు ఫైల్లో ఉంది. ఆ ముక్క వినగానే ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

కార్డు మీద ఇద్దరి పేర్లూ ఉండాలని ఆవిడే పట్టుబట్టారు. రెండో కుటుంబాన్ని వెతికి వాళ్ల అనుమతి తీసుకున్నాక రాద్దామన్నాను. మూడు వారాల్లో వాళ్ల మనవరాలు దొరికింది, సరేనంది. ప్యాచ్‌ని మిగతా కుట్లు విప్పి తీసేశాం. ఆమ్లం లేని కవర్లో, పరేడ్ రోజు ఫొటోతో పాటు, వాళ్లమ్మ కుట్టిందని రాసి అదే ఫైల్లో పెట్టాం. జాకెట్ ఇప్పుడు బీరువాలో వీపు మనవైపు ఉండేలా వేలాడుతోంది. కాలర్ కొంచెం తెరిచి ఉంది, ఒక చిన్న ఫిలమెంట్ బల్బు పక్క నుంచి పడుతుంది. బల్బు వేడికి, వెలుగుకి గుడ్డ పాడవకుండా మీట నొక్కినప్పుడు మాత్రమే, 20 సెకన్ల పాటు వెలుగుతుంది.